ప్రతినాయకుడికి పద్యమేదీ? రెసిల్‌మేనియా 31 మీద ఒక ప్రేక్షకుడి విమర్శ

"అదంతా ఉత్తుత్తి కుస్తీ కదండీ, ఇంత చదువుకుని మీరు ఎలా చూస్తారు?" ఈ మాట నన్ను అడగని తెలుగు మిత్రుడు సన్నీవేల్‌లో లేడంటే అతిశయోక్తి కాదు. అడిగేవాళ్ళు కూడా సామాన్యులు కారు. రాయబారం సీను పద్యాలు కంఠతా వచ్చినవాళ్ళు, కారులో పౌరాణిక నాటకాలు పెట్టుకుని ఫ్రీమాంట్ దాకా ట్రాఫిక్‌ని మరిచిపోయేవాళ్ళు.

వాళ్ళని నేను తిరిగి అడిగేది ఒక్కటే. కృష్ణుడి రాయబారం ఫలించదని తెలియకుండా తిరుపతి వేంకట కవుల నాటకం చూడటానికి వెళ్ళిన తెలుగువాడు ఎవరైనా ఉన్నాడా? చివరికి ఎవరు చస్తారో, ఎవరు గెలుస్తారో ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా తెల్లవార్లూ చాపల మీద కూర్చున్నారు. "వన్స్‌మోర్" అని అరిస్తే యుద్ధంలో పడిపోయిన పాత్ర కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడిపోయేదని మా పెద్దవాళ్ళు నవ్వుతూ చెప్పేవారు. ఫలితం తెలిసినంత మాత్రాన నాటకం ఉత్తుత్తిది అయిపోదు. ఎలా చెప్పారన్నదే అక్కడ అసలు విషయం.

ఈ కుస్తీ కంపెనీ వాళ్ళు కూడా ఈ సంగతిని దాచలేదు. 1989లోనే న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు, మాది పోటీ కాదు, వినోదం అని ఒప్పుకున్నారు. సత్యం మీద ప్రేమతో కాదు లెండి, క్రీడా కమిషన్ల నిబంధనల నుంచీ పన్నుల నుంచీ తప్పించుకోవడానికి. కారణం ఏదైనా, అప్పటినుంచీ "నిజమా, అబద్ధమా" అన్న ప్రశ్నకి కాలం చెల్లింది. ఇక మిగిలింది నాటక విమర్శ. నేను సాహిత్య విమర్శకుడిని కాను, ప్రోగ్రాములు రాసుకుని బతికేవాడిని. అయినా ఒక నాటకాన్ని తూచడానికి మన వాళ్ళు వాడే తూకపు రాళ్ళు నాకూ తెలుసు. కథ మనలో పుట్టించిన ఉద్వేగానికి తగిన పునాది వేసిందా? నటుడి శరీరం పలికిందా? ప్రతినాయకుడికి అతని బరువు అతనికి ఇచ్చారా?

ఈ మూడు రాళ్ళతో తూచడానికి నేను ఎంచుకున్న ప్రదర్శన మన వాకిట్లో జరిగినదే. 2015 మార్చి 29, ఆదివారం, శాంటా క్లారాలోని లీవైస్ స్టేడియంలో రెసిల్‌మేనియా 31. సన్నీవేల్ గుడికి వెళ్ళేవాళ్ళు రోజూ చూసే టాస్మన్ డ్రైవ్ లైట్ రైలు ఆ రోజు నల్ల టీషర్టులతో నిండిపోయింది. కంపెనీ ప్రకటించిన లెక్క ప్రకారం వచ్చిన జనం 76,976. అందులో మా ఎనిమిదేళ్ళ అబ్బాయీ, నేనూ ఇద్దరం. కాలేజీ హాస్టల్లో టీవీ ముందు కుర్చీ దొరక్క నిలబడి చూసిన మనుషులు, చిన్నప్పుడు ట్రంప్ కార్డుల మీద ఎత్తూ బరువూ బట్టీ పట్టిన మనుషులు, కళ్ళ ముందు నడిచి వస్తుంటే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. కానీ అభిమానం వేరు, అంచనా వేరు.

ముందు మెచ్చుకోవలసినది చెబుతాను. రాండీ ఆర్టన్, సెత్ రోలిన్స్‌ల ఆట ముగిసిన తీరు. వంగి ఉన్న ఆర్టన్ తలని కాలితో నేలకి తొక్కడం రోలిన్స్ బ్రహ్మాస్త్రం. పరుగెత్తుకొచ్చి కాలు మోపాడు. ఆర్టన్ ఒక్క ఉదుటున పైకి లేచి అతన్ని గాలిలోకి ఎగరేశాడు. రోలిన్స్ కిందికి వచ్చేలోపు మెడ అందుకుని తన బ్రహ్మాస్త్రం ప్రయోగించాడు. రెండు క్షణాల పని. జనం ఆర్టన్ కోసం అరిచారు. కానీ ఆ ఎత్తుకి ఎగిరింది, సరిగ్గా ఆర్టన్ చేతికి అందేలా దిగింది, ఓడిపోయిన రోలిన్స్. ఈ కళలో దెబ్బ కొట్టేవాడి కంటే దెబ్బ తినేవాడికే ఎక్కువ విద్య కావాలి. అతను పడే తీరుని బట్టే కొట్టినవాడి బలం మనకి కనిపిస్తుంది. పాటకి మృదంగం లాంటిదన్నమాట.

ఇక నిరాశపరిచినవి. అండర్‌టేకర్ అంటే చీకటి, గంట మోత, పొగ. అలాంటి మనిషిని పట్టపగలు కాలిఫోర్నియా ఎండలో నడిపించారు. ఎదురుగా బ్రే వయట్. లాంతరు పట్టుకుని వస్తే జనమంతా ఫోన్ దీపాలు వెలిగించి మిణుగురుల్లా మెరవడం అతని ప్రత్యేకత. సూర్యుడి ముందు మిణుగురులేం చేస్తాయి? ప్రసారం తూర్పు తీరపు రాత్రి వేళకి కుదరాలి కనక, ఇక్కడ సాయంత్రం 4 గంటలకే తెర లేపారు. టీవీ లెక్క కోసం రంగస్థలాన్ని బలి పెట్టడం అంటే ఇదే. తోలుబొమ్మలాటని మిట్టమధ్యాహ్నం ఆడించినట్టు ఉంది.

స్టింగ్ సంగతి మరీ కష్టం కలిగించింది. అతను పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూకి ముఖచిత్రం. ఆ కంపెనీని వీళ్ళు 2001 మార్చిలోనే కొనేశారు. పద్నాలుగేళ్ళ తర్వాత, 56 ఏళ్ళ స్టింగ్ మొట్టమొదటిసారి వీళ్ళ బరిలో దిగితే, ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడించి పంపారు. మన సిలికాన్ వ్యాలీలో ఇది తెలియని వాళ్ళెవరు? కొనేసిన కంపెనీ ఉత్పత్తిని ఏళ్ళ తరబడి అటక మీద పెట్టి, ఒక రోజు అందరి ముందూ దింపి, మాదే మేలు చూశారా అని చెప్పడం. అది వ్యాపారపు కక్ష, కథ కాదు.

చివరి ఆట మాత్రం దానికి ప్రాయశ్చిత్తం చేసింది. కంపెనీ రోమన్ రెయిన్స్‌ని నాయకుడిగా నిలబెట్టాలని చూస్తోంది, జనం ససేమిరా అంటున్నారు. ఎదుట బ్రాక్ లెస్నర్. ఇద్దరూ కొట్టుకుని కూలబడిన వేళ, సాయంత్రం ఓడిపోయిన ఆ రోలిన్సే, ఎప్పుడైనా ఛాంపియన్‌తో తలపడే హక్కునిచ్చే ఒప్పందం పెట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరి మధ్యా దూరి, రెయిన్స్‌ని పడగొట్టి, కిరీటం ఎత్తుకుపోయాడు. పిల్లీ పిల్లీ రొట్టె కోసం తగువాడుకుంటే కోతి తినేసిన కథే. ద్రోహం చేసి పైకి వచ్చిన పాత్రే అయినా, రోలిన్స్‌కి తన కారణాలున్నాయి, తెలివి ఉంది, భయం ఉంది. అతను గెలిస్తే జనం తిట్టుకుంటూనే ఆనందించారు. ప్రతినాయకుడికి పద్యం ఇవ్వడం అంటే నేననేది ఇదే.

ఇక అసలు ఫిర్యాదుకి వస్తాను. జాన్ సీనా, రూసెఫ్‌ల ఆట. రూసెఫ్ రష్యా భక్తుడి వేషంలో, సైనికుల కవాతుతో, ఏకంగా ఒక టాంకు ఎక్కి వచ్చాడు. సీనాకి స్వాగతంగా అమెరికా చరిత్ర వీడియో. స్టేడియమంతా "యూఎస్ఏ, యూఎస్ఏ" అని హోరెత్తింది. నెల రోజుల ముందు ఇదే రూసెఫ్ చేతిలో ఓడిన సీనా గెలిచి, అమెరికా పేరు పెట్టిన బెల్టు తీసుకున్నాడు. ఆ వేషధారి రష్యన్ కాదు, బల్గేరియావాడు. పొట్ట చేత్తో పట్టుకుని అమెరికా వచ్చి, కష్టపడి పనిచేసి పైకి వచ్చినవాడు. అచ్చం మనలాగే.

మా అబ్బాయి నా చెయ్యి పట్టుకుని, "నాన్నా, ఆయన ఏం తప్పు చేశాడు?" అన్నాడు.

"కథలో ఆయన వేరే దేశం వాడు రా."

"అంతేనా?"

అంతే. నాటక విమర్శ అంతా ఆ ఒక్క "అంతేనా"లో ఉంది. దుర్యోధనుడు చెడ్డవాడు ఎందుకయ్యాడో చెప్పమంటే మనం గంట చెప్పగలం. అతని అభిమానం, అసూయ, కర్ణుడి మీద ప్రేమ, అన్నీ పద్యాల్లో ఉన్నాయి. రూసెఫ్‌కి టాంకు ఇచ్చారు, పద్యం ఇవ్వలేదు. శాంటా క్లారా కౌంటీలో ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు వేరే దేశంలో పుట్టినవాళ్ళే. అలాంటి ఊళ్ళో, అలాంటి జనం చేత, పరాయివాడు కావడమే పాపం అన్నట్టు చప్పట్లు కొట్టించారు. ఉద్వేగం పుట్టింది, నిజమే. కానీ కథ దాన్ని కష్టపడి సంపాదించుకోలేదు, జెండాని అడిగి అప్పు తెచ్చుకుంది.

ఇది ఒక్క రోజు ముచ్చట కాదు. 1984 జనవరిలో హల్క్ హోగన్‌ని మహానాయకుడిని చేయడానికి ఓడించింది ఐరన్ షేక్‌ని. ఇరాన్ బందీల వ్యవహారం నాటి కోపమంతా ఆ వేషం మీద కుమ్మరించారు. నిజ జీవితంలో అతను అమెరికా ఒలింపిక్ కుస్తీ జట్టుకి సహాయ శిక్షకుడిగా పనిచేసినవాడు. 1990లలో మనం కార్డుల మీద చూసి జపాన్ సుమో వీరుడనుకున్న యొకోజూనా పుట్టింది ఇక్కడే, శాన్ ఫ్రాన్సిస్కోలో, సమోవా కుటుంబంలో. 2004 చివర్లో వచ్చిన ముహమ్మద్ హసన్ పాత్ర ధరించినది ఒక ఇటాలియన్ అమెరికన్. సెప్టెంబర్ 11 తర్వాత అరబ్బు అమెరికన్లని అనుమానంగా చూస్తున్నారని ఆ పాత్ర వాపోయేది. అది నిజమే కదా? ఆ నిజాన్ని విలన్ నోట పెట్టి, జనం చేత ఛీ కొట్టించారు. 2005 జులైలో లండన్ బాంబుల తర్వాత ఆ పాత్రనే తీసేశారు.

తర్వాత మన వంతు వచ్చింది. 2017 మే 21న షికాగో శివారులో రాండీ ఆర్టన్‌ని ఓడించి జిందర్ మహల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కెనడాలోని కాల్గరీలో పుట్టిన పంజాబీ. భారతీయ సంతతివాడు ఆ బెల్టు ఎత్తితే నాకూ ఒళ్ళు పులకరించింది. కానీ అతనికిచ్చిన సంభాషణ ఏమిటి? నా రంగు వేరనీ భాష వేరనీ మీకు నేనంటే ద్వేషం, అని జనాన్ని నిందించడం. అది వినగానే జనం ఛీ కొట్టాలి, అదీ ఏర్పాటు. సరిగ్గా మూడు నెలల ముందు, 2017 ఫిబ్రవరిలో, కాన్సాస్‌లోని ఒలేతాలో మన తెలుగు ఇంజనీరు ఒకతన్ని, మా దేశం వదిలి పొమ్మని అరుస్తూ కాల్చి చంపారు. ఆ వార్త విని ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుకున్న కుటుంబాలు మనవి. మన భయాన్ని తీసుకెళ్ళి విలన్ డైలాగు చేశారు. ఇది దురుద్దేశం అని నేననను. బద్ధకం అంటాను. రచనలో బద్ధకం ఒక్కోసారి దురుద్దేశం చేసే పనే చేస్తుంది.

మరి హైదరాబాదులో ఏం జరిగింది? 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ఇదే కంపెనీ ప్రదర్శన ఇచ్చింది. జాన్ సీనా, సెత్ రోలిన్స్ ఒక జట్టుగా వచ్చారు. అమెరికా బెల్టు కోసం పోరాడిన సీనాకి మన వాళ్ళు పట్టిన బ్రహ్మరథం చూడాలి. ఇక్కడ రూసెఫ్‌ని తిట్టిన గొంతులకీ, అక్కడ సీనాని పొగిడిన గొంతులకీ తేడా ఏమిటి? హైదరాబాదు జనానికి జెండా అడ్డు రాలేదు. తమకి ఇరవై ఏళ్ళ వినోదం ఇచ్చిన నటుడిని నటుడిగా గౌరవించారు. ఆ రాత్రి జిందర్ మహల్, షాంకీ వంటి మన వాళ్ళు ఓడిపోయారు, అయినా ఎవరూ అవమానపడలేదు. ప్రేక్షకులుగా మన వాళ్ళు కంపెనీ కంటే రెండు మెట్లు పైన ఉన్నారని నా అభిప్రాయం.

"ఆటేగా, ఇంత ఆలోచన దేనికి?" అని కొందరంటారు. మన సినిమానే సాక్ష్యం చెబుతుంది. నర్తనశాల 1963లో వచ్చింది. అందులో నందమూరి అర్జునుడు, సావిత్రి ద్రౌపది. జకార్తా ఆఫ్రో ఏషియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది ఎవరికి? కీచకుడు వేసిన ఎస్వీ రంగారావుకి. చంపదగిన పాత్రే, అయినా దానికి ఠీవి ఇచ్చారు, కాంక్ష ఇచ్చారు, నడక ఇచ్చారు. అందుకే అతను పడినప్పుడు భీముడి బలం మనకి తెలిసింది. ప్రతినాయకుడు అట్టముక్క అయితే నాయకుడు కూడా అట్టముక్కే.

ఇక ఉత్తుత్తి అన్న మాటకి చివరి సమాధానం. అదే రోజు నిచ్చెనల ఆటలో డానియల్ బ్రయన్, డాల్ఫ్ జిగ్లర్ నిచ్చెన కొస మీద నిలబడి ఒకరి తలతో ఒకరి తలని ఢీకొట్టుకున్నారు. బ్రయన్ గెలిచాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, తలకి తగిలిన దెబ్బల కారణంగానే, కుస్తీ మానేస్తున్నానని కన్నీళ్ళతో ప్రకటించాడు. 2018లో గానీ తిరిగి రాలేకపోయాడు. గెలుపు రాసిపెట్టినదే. తల మాత్రం నిజమైన తలే. పట్టపగలు లాంతరు పట్టుకు నడిచిన బ్రే వయట్ 2023 ఆగస్టులో 36 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. చీకట్లో మిణుగురుల మధ్య అతన్ని చూసే అవకాశం మాకు దక్కలేదు.

మొత్తం మీద నా తీర్పు ఇది. రెసిల్‌మేనియా 31 శరీరాల విషయంలో గొప్ప ప్రదర్శన, ముగింపు విషయంలో చాలా తెలివైన ప్రదర్శన, పరాయివాడి విషయంలో పాత చింతకాయ పచ్చడి. మిత్రులారా, మీ పిల్లలు ఈ కుస్తీ చూస్తుంటే టీవీ కట్టేయకండి, పక్కన కూర్చోండి. "ఇది నిజమా?" అని కాదు, "వీడు చెడ్డవాడు ఎందుకయ్యాడు?" అని అడగండి. కథ దానికి జవాబు చెప్పగలిగితే కలిసి చప్పట్లు కొట్టండి. చెప్పలేకపోతే, వాళ్ళకి మన దుర్యోధనుడి పద్యం ఒకటి వినిపించండి. ప్రతినాయకుడంటే ఎలా ఉండాలో వాళ్ళకే తెలుస్తుంది.