పైతడా, లోతడా?

డిసెంబరులో మా అరకు లోయలో పొద్దున తొమ్మిదైనా మంచు విడవదు. కాఫీ కళ్లం మీద కప్పిన టార్పాలిన్ తీసే ముందు అమ్మ దాని కిందకి చెయ్యి పోనిచ్చి, పట్టా లోపలి వైపు తడిమి చూసేది. అక్కడ చెమట పట్టి ఉంటే గింజ ఇంకా తడి విడుస్తోందని లెక్క. పట్టా పొడిగా ఉండి, ఎక్కడో ఒక మూల గింజలు మాత్రం నానితే మంచు దూరిందని లెక్క. "పైతడా, లోతడా, ముందది సూడాల. లోతడైతే ఎండే మందు. పైతడైతే సిరుగు ఎతుక్కోవాల" అనేది.

పండు తొక్క పల్పర్‌లో తీసి, కడిగి ఆరబోసిన పార్చ్‌మెంట్ గింజ వారం పది రోజులు ఎండాలి. తేమ పది శాతం దగ్గరికి రావాలి. అమ్మ దగ్గర మీటరు లేదు. గింజను పంటి కింద పెట్టి కొరికేది. పళ్ల గుర్తు పడితే మరో రెండు పొద్దులు ఎండబెట్టడమే.

ఆ మాట నాకు మళ్లీ పనికొచ్చింది బెంగళూరులో. ఇంజనీరింగ్ చివరి సెమిస్టరులో ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కి వెళ్లాను. వాళ్లు చేసేది చిప్పులు కాదు, చిప్పులు చేసే యంత్రాలు. 300 మిల్లీమీటర్ల సిలికాన్ వేఫర్‌ను ఒక లోహపు గదిలో పెట్టి, గాలంతా తోడేసి, దాని మీద పల్చటి పొరలు పరుస్తారు, మరో గదిలో అక్కరలేని చోట చెక్కేస్తారు. ఆ గదినే ఛాంబర్ అంటారు. నాకు అప్పగించింది వేఫర్ ఎక్కని ఒక పరీక్ష ఛాంబర్. మూత తీయడం, గాలి దూరకుండా మూత అంచున ఉండే రబ్బరు చుట్టు, అంటే ఓ-రింగ్ మార్చడం, మళ్లీ వాక్యూమ్‌కి తేవడం, ప్రతిదీ రాసుకోవడం నా పని.

మొదటి రోజే తప్పులో కాలేశాను. మూత తెరిచే ఉన్నా పీడనం గేజి 684 టార్ దగ్గర నిలబడింది. పుస్తకంలో 760 కదా, గేజి పాడైందని లాగ్‌బుక్‌లో రాసేశాను. 760 సముద్ర మట్టానికి లెక్క. బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. మా అరకు కూడా ఇంచుమించు అంతే. అంటే నేను పుట్టి పెరిగిన గాలి బరువే ఆ గేజి చూపిస్తోంది. మా ఇంట్లో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. లాగ్‌బుక్‌లో ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన కారణం రాయమన్నారు. చెరపనివ్వలేదు. తప్పు కనబడుతూనే ఉండాలన్నది అక్కడి పద్ధతి.

ఆగస్టులో వాన ముసురు పట్టిన రోజుల్లో అసలు కష్టం వచ్చింది. ఓ-రింగ్ మార్చి పంపు వేశాను. పీడనం గబగబా దిగింది, తర్వాత ఒకచోట మొరాయించింది. ఎక్కడో లీకు ఉందనుకున్నాను. హీలియం సన్నగా ఊదుతూ ప్రతి అతుకు చుట్టూ తిరిగాను. లోపలికి దూరితే డిటెక్టర్ ఇట్టే పట్టేస్తుంది. రెండు రోజులు ఊదినా ముల్లు కదల్లేదు. ఓ-రింగ్ మళ్లీ విప్పాను. అలా విప్పిన ప్రతిసారీ తేమగాలి లోపలికి పోతోందన్న స్పృహ లేదు.

ఇరవై ఏళ్లుగా పంపులు విప్పి బిగిస్తున్న టెక్నీషియన్ ఒకాయన వచ్చి, "గీత గీశావా?" అని అడిగారు. పంపుకీ ఛాంబర్‌కీ మధ్య వాల్వ్ మూసి, పీడనం ఎంత పెరుగుతోందో నిమిషానికోసారి రాయమన్నారు. చిల్లు ఉంటే బయటి గాలి అదే పనిగా వస్తుంది, గీత తిన్నగా పైకి పోతుంది. గోడలకు పట్టిన నీటి ఆవిరైతే మొదట జోరుగా లేచి, పోనుపోను మందగిస్తుంది, గీత వంగుతుంది. చుక్కలు పెట్టుకుంటూ పోయాను. ఇరవయ్యో చుక్క దగ్గరికి గీత వంగింది. లోతడి! అమ్మ చెయ్యి పట్టా కింద ఉన్నట్టే అనిపించింది.

మూత ముట్టుకోకుండా గోడల హీటర్లు వేసి, రాత్రంతా పంపు నడిపాం. తెల్లారేసరికి పీడనం దిగాల్సిన చోటికి దిగింది. ఆ కాస్త ఆవిరి వదిలేస్తే ఏమవుతుందంటారా? అందులోని ఆక్సిజన్ వేఫర్ మీద పరిచే అల్యూమినియం లాంటి లోహపు పొరను పాడు చేస్తుంది. ఈ పరిశ్రమలో సగం పోరాటం నీటితోనే.

ఆ ఛాంబర్ చుట్టూ ఉన్న వాల్వుల మీద ఎక్కువగా జపాన్ పేర్లే. చూసినప్పుడల్లా మా ఊరి రైలుకట్ట గుర్తొచ్చేది. సొరంగాల్లోంచి అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండోల్ లైనును 1960లలో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికే. అదే దశాబ్దంలో, ఇవాళ చిప్పుల యంత్రాలు చేసే కంపెనీలు రెండు, 1963లో టోక్యో ఎలక్ట్రాన్, 1967లో కాలిఫోర్నియాలో అప్లయిడ్ మెటీరియల్స్ పుట్టాయి. మేం వ్యాగన్లు లెక్కపెట్టుకుంటూ పెరిగాం. వాటి వెనక నడిచిన చరిత్ర ఆ వాల్వుల దగ్గర నిలబడితే గాని నాకు తెలియలేదు.

ఇప్పుడు కాలం మారుతోంది. అప్లయిడ్ మెటీరియల్స్ బెంగళూరు ఇంజనీరింగ్ కేంద్రం మీద నాలుగేళ్లలో 40 కోట్ల డాలర్లు పెడతామని 2023 జూన్‌లో ప్రకటించింది. 2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం మన రాష్ట్రంలో ఏఎస్‌ఐపీ అనే కంపెనీ పెట్టే చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌కు ఆమోదం ఇచ్చింది. ఏడాదికి 9.6 కోట్ల యూనిట్ల సామర్థ్యం. సంతోషమే. అయితే మా కొండల పిల్లలకు ఇంటర్న్‌షిప్ అంటే ముందు ఎదురయ్యేది బెంగళూరు గది అద్దె, అడ్వాన్సు. సీటు వచ్చాక కూడా వెళ్లలేక, ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో సెమిస్టరు గట్టెక్కించిన వాళ్లు నాకు తెలుసు. ఆ సర్టిఫికెట్ గీత గీయడం నేర్పదు. మెషీను పక్కన నిలబెట్టండి, పడుకోవడానికి మంచం ఇవ్వండి, ఆరు నెలలకు తక్కువ పెట్టకండి. కంపెనీలనూ కాలేజీలనూ నేను అడిగేది ఇంతే. రెండు నెలల్లో పిల్లలకు బ్యాడ్జి, క్యాంటీను అలవాటవుతాయి, అంతలో వచ్చేయాలి.

కిందటి నెల అనంతగిరి వైపు అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. ఇప్పుడే ఇంటర్న్‌గా చేరింది. "అన్నా, మూత తెరిచే ఉంది, గేజి 684 దగ్గరే ఉంది, పాడైందేమో?" అంది. గేజికి ఏమీ కాలేదమ్మా, ముందు ఆ అంకె రాసుకో అన్నాను. వారం తిరక్కుండానే పీడనం దిగట్లేదని మళ్లీ చేసింది. లీకు వెతకనా అని అడిగితే, గీత గీసి పంపమన్నాను. రాత్రి పదకొండింటికి ఫొటో వచ్చింది. గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్ చుక్కలు, పక్కన పొందిగ్గా టైములు. గీత వంగుతోంది.

"మూత తియ్యకు. హీటర్లు వేసి పడుకో తల్లీ" అన్నాను.