నిప్పు లేకుండా చేదు విరిచే విద్య

చెట్టు మీది ఆలివ్ కాయను కోసి కొరికినవాళ్ళు రెండో కాయ జోలికి వెళ్ళరు. ఆ చేదు నాలుకను పట్టుకుని గొంతు దాకా పాకుతుంది, నీళ్ళు తాగినా వదలదు. పచ్చికాయే కాదు, నల్లగా నిగనిగలాడే పండుదీ దాదాపు అదే కథ. అయినా మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న ఊళ్ళలో దాన్ని వేల ఏళ్ళుగా తింటున్నారు. ఆ చేదు విరవడానికి పొయ్యి వెలిగించాల్సిన పని లేదు. నీళ్ళు, ఉప్పు, ఎండ, ఓపిక ఉంటే చాలు.

పొయ్యి మీద పెట్టనిదీ, జంతువుల నుంచి రానిదీ మాత్రమే తినే ‘రా వీగన్’లకు ఈ కాయంటే అంత ఇష్టం అందుకే. వాళ్ళ పళ్ళెంలో పళ్ళు, ఆకులు, మొలకలు, గింజలు ఉంటాయి. తీపికీ పులుపుకీ లోటు లేదు. లేనిదల్లా వంటింట్లో పోపు వేసినప్పుడో, వేయించినప్పుడో వచ్చే ఆ గాఢమైన రుచి. ఊరిన ఆలివ్‌లో ఉప్పు, పులుపు, వగరు, కాస్త మిగిలిన చేదు, వాటన్నిటినీ కలిపే నూనె ఉన్నాయి. నాలుగు కాయలు తుంచి వేస్తే ఒట్టి ఆకుల గిన్నె కూడా భోజనంలా అనిపిస్తుంది.

పచ్చి తిండి ఆలోచన కొత్తదేమీ కాదు. స్విట్జర్లాండ్‌లో బిర్కర్-బెన్నర్ అనే వైద్యుడు పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే తన రోగులకు పచ్చి పళ్ళు, కూరగాయలు పెట్టాడు. గాంధీ 1929లో ఆంధ్ర పర్యటనకు వచ్చినప్పుడు రాజమండ్రిలో సుందరం గోపాలరావు అనే ప్రకృతి వైద్యుడి మాట విని, నిప్పు తగలని తిండి మొదలుపెట్టారు. ఆ ప్రయోగం గురించి ‘యంగ్ ఇండియా’లో రాశారు కూడా. కొన్ని నెలలకు ఒంట్లో బాగాలేక మానేశారు. మన రోజుల్లో ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణరాజు గారి మాటలు విని మొలకలు, పచ్చి కూరల రసాలు అలవాటు చేసుకున్న ఇళ్ళు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. అయితే ఆయన ఉప్పును దగ్గరకు రానివ్వరు. ఆ లెక్కన ఆలివ్‌కు వారి వంటింట్లో చోటు దొరకడం కష్టమే.

రా వీగన్‌ల నియమం ఒక అంకె మీద నడుస్తుంది. 40 నుంచి 48 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కడో ఒక గీత గీసి, దాన్ని దాటి వేడెక్కినది పచ్చిది కాదంటారు. వేడికి ఎంజైములు చచ్చిపోతాయనీ, అవి ఉంటేనే తిండి అరుగుతుందనీ వాళ్ళు చెప్పే కారణం. ఇది నిలబడే వాదన కాదు. తిండితో పాటు లోపలికి వెళ్ళిన ఎంజైముల్లో చాలా భాగాన్ని మన కడుపులోని ఆమ్లమే విరిచేస్తుంది. ఆ సంగతి పక్కన పెట్టినా, ఆలివ్ విషయంలో థర్మామీటరు ఒక్కటే చూస్తే అసలు విషయం చేజారుతుంది. అడగాల్సింది ‘దీన్ని వేడి చేశారా’ అని మాత్రమే కాదు, ‘చేదు ఎలా తీశారు’ అని కూడా. రెండో ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు మొదటిదానికీ జవాబవుతుంది.

ఆ చేదుకు మూలం ఒలియురోపిన్ అనే పదార్థం. లేత కాయల్లో, ఎండు బరువు లెక్కన చూస్తే, వందకు పద్నాలుగు పాళ్ళ దాకా ఉండవచ్చు. కాయ పండేకొద్దీ తగ్గుతుంది గానీ నోటికి సరిపడేంత తగ్గదు. ఆకుపచ్చ ఆలివ్, నల్ల ఆలివ్ రెండు జాతులని చాలామంది అనుకుంటారు. ఒకే చెట్టు కాయలు ముందు పచ్చగా, తరవాత ఊదాగా, ఆఖర్న నల్లగా మారతాయంతే. (మన మల్లె, పారిజాతం కూడా ఆలివ్ కుటుంబానివే. పూల వాసన వీటికి, నూనె దానికి వచ్చాయి.)

చేదు తీయడానికి అన్నిటికన్నా పాత పద్ధతుల్లో ఒకటి నీళ్ళు. పచ్చికాయను రాతితో చితక్కొట్టి నీళ్ళలో వేస్తారు, ఆ నీళ్ళను మళ్ళీ మళ్ళీ మారుస్తారు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో రోమన్ రాజకీయవేత్త కేటో తన వ్యవసాయ గ్రంథంలో రాసింది కూడా ఇదే: కాయలు నల్లబడకముందే నలగ్గొట్టి, నీళ్ళు తరచూ మార్చి, ఆ తరవాత వెనిగర్, నూనె, ఉప్పు, సోంపు పట్టించమన్నాడు. సైప్రస్‌లో ఇవాళ్టికీ ఇదే పని చేస్తారు. అక్కడ వాటిని ‘చకిస్తెస్’ అంటారు. వారం పది రోజులు నీళ్ళు మార్చాక, నలిపిన ధనియాలు, వెల్లుల్లి, నిమ్మముక్కలు, ఆలివ్ నూనె కలిపి తింటారు. ధనియాలు, వెల్లుల్లి కలిసిన ఆ వాసన తెలుగు ముక్కుకు పరాయిదిగా అనిపించదు. ఇందులో చేదు పూర్తిగా పోదు. పోకూడదు కూడా.

రెండోది ఉప్పునీళ్ళ ఊట. గ్రీసులో నల్లబడిన కాయలను వందకు ఎనిమిది నుంచి పది పాళ్ళ ఉప్పు కలిపిన నీళ్ళలో ముంచి, నెలల తరబడి వదిలేస్తారు. పేరుమోసిన కలమాటా కాయలకైతే గాట్లు పెట్టి ఊరవేస్తారు. తొట్టిలో జరిగేది బయటికి కనిపించదు. చేదు కొంత నీళ్ళలోకి దిగుతుంది. కాయ మీద సహజంగా ఉండే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా, ఈస్టులు కాయలోని చక్కెరలను తిని ఆమ్లం తయారుచేస్తాయి. వాటిలో లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియా ఒలియురోపిన్‌ను కూడా విరగ్గొట్టగలదు. నీళ్ళు పుల్లబడతాయి. ఆ పులుపూ ఉప్పూ కలిసి చెడు సూక్ష్మజీవులను దగ్గరకు రానివ్వవు.

తెలుగువాళ్ళకు ఉప్పు చేసే పని గురించి వేరే చెప్పనక్కర్లేదు. మన ఆవకాయ కూడా పొయ్యి మొహం చూడకుండానే ఏడాదంతా నిలవుంటుంది. తేడా ఒక్కటే: మామిడికాయను పచ్చిగానూ తినగలం, ఆలివ్‌ను ఊరవేస్తే తప్ప తినలేం. ఉప్పు పాళ్ళు తెలుసుకోవడానికి మధ్యధరా ప్రాంతపు పాత ఇళ్ళలో ఒక కొలత ఉంది. నీళ్ళలో పచ్చి గుడ్డు వేసి, అది తేలి పైన నాణెమంత మేర కనిపించేదాకా ఉప్పు కలుపుతారు. అప్పటికి పదిపాళ్ళు పడినట్టు లెక్క. వీగన్‌లు గుడ్డును పక్కింట్లో అరువు తెచ్చుకుని, పని అయ్యాక పగలకుండా తిరిగిచ్చేయొచ్చు.

మూడోది పొడి ఉప్పు. బాగా పండిన కాయలను రాళ్ళ ఉప్పులో పొరలు పొరలుగా వేసి నాలుగైదు వారాలు ఉంచితే, ఉప్పు కాయలోని నీటినీ దానితో పాటు చేదునూ లాగేస్తుంది. మిగిలేది ముడతలు పడ్డ, చిక్కటి, నూనె ఓడే కాయ. మొరాకో అంగళ్ళలో గుట్టలుగా పోసి అమ్మేవి ఇలాంటివే.

ఇవేవీ అక్కర్లేని కాయ కూడా ఒకటుంది. ఉత్తర ఏజియన్ సముద్రంలోని థాసోస్ దీవిలో ‘త్రూంబా’ అనే రకం చెట్టు మీదే చేదు వదులుకుంటుంది. సముద్రపు తేమ తగిలినప్పుడు ఫోమా ఒలియే అనే శిలీంధ్రం కాయ మీద చేరి ఒలియురోపిన్‌ను విరిచేస్తుంది. కాయ గోధుమరంగుకు తిరిగి, ముడతలు పడి తీయబడుతుంది. టర్కీలో ఇజ్మీర్ దగ్గరి కారాబురున్ ద్వీపకల్పంలోనూ ఇదే జరుగుతుంది. అక్కడ ఈ కాయను ఖర్జూరం పేరుతో ‘హుర్మా’ అని పిలుస్తారు. కోసుకుని అక్కడే తినొచ్చు, ఉప్పు కూడా అక్కర్లేదు. పచ్చి తిండి నియమాన్ని అక్షరాలా పాటించే ఆలివ్ ఏదంటే ఇదే. చిక్కేమిటంటే, ఉప్పు పట్టించకపోతే ఎక్కువ రోజులు నిలవ ఉండదు. కాబట్టి దూరదేశాలకు చేరేదాంట్లో ఉప్పు ఉండనే ఉంటుంది.

అమెరికాలో రా వీగన్‌లు కొనుక్కునేవాటిలో పెరూ దేశపు బోతిహా రకం ఒకటి. చెట్టు మీదే నల్లగా పండనిచ్చి, ఉప్పునీళ్ళలో ఊరవేసి, ఆ తరవాత ఎండబెడతారు. ఈ చెట్టు పెరూకు చేరిన కథ గార్సిలాసో డి లా వేగా తన చరిత్ర గ్రంథంలో చెప్పాడు. 1560లో ఆంటోనియో డి రిబేరా అనే ఆయన సెవిల్ నుంచి వందకు పైగా మొక్కలు లిమాకు తెచ్చాడు. ప్రయాణం తట్టుకుని బతికినవి మూడే. వాటిని గోడ కట్టిన తోటలో నాటి, వందమందికి పైగా బానిసలను, ముప్పై కుక్కలను కాపలా పెట్టాడు. అయినా ఒక మొక్కను ఎవరో ఎత్తుకుపోయి చిలీలో నాటారు. అంత కాపలా ఉన్నా దొంగతనం జరిగిందంటే కుక్కలను తప్పు పట్టాలో, ఆలివ్ మీది ఆశను తప్పు పట్టాలో తెలియదు.

ఇక తొందరపాటు దారి. స్పెయిన్‌లోని సెవిల్ పద్ధతిలో పచ్చికాయలను పలచటి కాస్టిక్ సోడా నీళ్ళలో కొన్ని గంటలు ఉంచుతారు. ఆ క్షారం కండలో మూడింట రెండు వంతుల దాకా దిగి ఒలియురోపిన్‌ను విరిచేస్తుంది. తరవాత కడిగి, ఉప్పునీళ్ళలో పులియబెడతారు. ఒకప్పుడు ఇదే పనికి కట్టెల బూడిద వాడేవారు. కడిగాక కాయలో విషమేమీ మిగలదు, భయపడాల్సింది లేదు. కానీ కడగడంలో చేదుతో పాటు రుచీ, మేలు చేసే ఫినాల్ పదార్థాలూ చాలావరకు కొట్టుకుపోతాయి. థర్మామీటరు మాత్రమే చూసేవాళ్ళ లెక్కలో కాస్టిక్ సోడాలో మునిగిన ఈ కాయ ‘పచ్చిది’ కింద చెల్లుతుంది! ఆ నియమం ఎంత డొల్లదో చెప్పడానికి ఇది చాలు.

హైదరాబాద్‌లో, విజయవాడలో పిజ్జా మీద కనిపించే నల్ల చక్రాలు ఇంకో మెట్టు దిగినవి. కాలిఫోర్నియాలో 1890ల చివర ఫ్రెడా ఎమన్ అనే వితంతువు డబ్బా ఆలివ్‌ల వ్యాపారానికి పునాది వేసింది. ఇప్పటి కార్ఖానా పద్ధతిలో, పండని కాయలను క్షారంలో ఉంచి, గాలి పంపించి నల్లబరుస్తారు. ఆ నలుపు నిలవడానికి ఇనుప లవణం కలుపుతారు. డబ్బా మీద ఫెర్రస్ గ్లూకోనేట్ అనో, ఇ579 అనో ఉంటే అదే. ఈ కాయలను పులియనివ్వరు, కాబట్టి వాటిలో ఆమ్లం ఉండదు. ఆమ్లం లేని డబ్బాలో ఏం జరుగుతుందో 1919లో తెలిసింది. ఒహాయో, మిషిగన్ రాష్ట్రాల్లో అలాంటి ఆలివ్‌లు తిన్నవాళ్ళు బొట్యులిజం విషంతో చనిపోయారు. ఆ తరవాతే డబ్బాలను 116 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు ఉడికించాలన్న కట్టుబాటు వచ్చింది.

కాలం ఇచ్చి పులియబెట్టిన కాయను దాని పులుపే కాపాడుతుంది, దానికి నిప్పు అక్కర్లేదు. తొందరపడి పులుపు రానివ్వని కాయకు నిప్పు తప్పదు. పచ్చి తిండి తినేవాళ్ళు వెతకాల్సింది కాలం తీసుకున్న ఆ మొదటి కాయనే. సీసాల్లో వచ్చేవాటిలో చాలామటుకు పాశ్చరైజ్ చేసినవే. సీసా మీద ఆ మాట లేకుండా, ఆలివ్, నీళ్ళు, ఉప్పు మాత్రమే ఉంటే అది నయం. మధ్యలో ఆంకోవీ చేపో, చీజో కూరారేమో చూసుకోవాలి.

మేలు ఎంత? ఉప్పులో ఊరిన పచ్చ ఆలివ్ వంద గ్రాముల్లో దాదాపు పదిహేను గ్రాముల కొవ్వు ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ఒలియిక్ ఆమ్లం. పచ్చి క్యారెట్‌లోనూ ఆకుకూరల్లోనూ ఉన్న కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు తోడు కావాలి. నూనె ముట్టని పచ్చి తిండిలో ఆ పని ఆలివ్ చేస్తుంది. అదే వంద గ్రాముల్లో సోడియం ఒకటిన్నర గ్రాములుంటుంది. రోజంతటికీ రెండు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కాబట్టి రోజుకు ఐదారు కాయలు చాలు. బీపీ ఉన్నవాళ్ళు తినబోయే ముందు మంచినీళ్ళలో కాసేపు నానబెట్టుకోవాలి. పులిసిందే కదా, బి12 ఉంటుందిలే అనుకోవద్దు, ఉండదు. జర్మనీలోని గీసెన్‌లో కచ్చితంగా పచ్చి తిండే తినే 201 మందిని పరీక్షించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, చెడు కొలెస్ట్రాల్ తక్కువగా ఉన్నా, మూడో వంతుకు పైగా జనానికి బి12 లోపం కనిపించింది. ఆ లోటు మాత్రతోనే తీరాలి.

మన దేశంలో రాజస్థాన్ ఇజ్రాయెల్ సాయంతో ఆలివ్ తోటలు వేసింది గానీ అవి ప్రధానంగా నూనె కోసం. పచ్చికాయలు తెలుగు ఊళ్ళ సంతకు రావు. కాలిఫోర్నియాలో, ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉన్న తెలుగువాళ్ళకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. అక్కడ వీధుల వెంబడి, కొండల మీద చెట్లు కాసి, కాయలు రాలి నేల మరకలవుతుంటాయి. కాలిఫోర్నియాలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గట్టి పచ్చికాయలు కోయండి. ఈగ పొడిచిన మచ్చలున్నవి తీసేయండి. రోకలితో ఒక్క దెబ్బ వేయండి, గింజ పగలకూడదు. నీళ్ళలో మునిగేలా పైన బరువు పెట్టి, రోజూ నీళ్ళు మార్చండి. వారం తరవాత కొరికి చూస్తే చేదు నాలుకకు తగినంతే మిగిలి ఉంటుంది. అప్పుడు లీటరు నీళ్ళకు వంద గ్రాముల ఉప్పు కలిపి, నిమ్మరసం, ధనియాలు వేసి, ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పైన తెల్లటి పలచటి తెట్టు కడితే తీసేయొచ్చు. కాయ మెత్తగా జారిపోతున్నా, వాసన తేడాగా ఉన్నా మాత్రం రుచి చూడొద్దు, పారేయండి. రోడ్డు పక్క చెట్టయితే మందు కొట్టారేమో కనుక్కోండి, పక్కింటి చెట్టయితే అడిగి కోయండి.