చీర పాతబడితేనే బొంత

పసిబిడ్డకు బొంత కుట్టాలంటే కొత్త గుడ్డ పనికిరాదు. పెద్దవాళ్ళు పట్టుబట్టి చెప్పే ఈ మాటను చాలామంది ఉత్త ఆచారం అనుకుంటారు. పురుడు రాకముందే బిడ్డకు కొత్తబట్టలు కొనకూడదన్న పట్టింపు దానికి తోడైన సంగతి నిజమే. కానీ దాని వెనక నేత తెలిసినవాళ్ళ అనుభవం ఉంది. మగ్గం ఎక్కే ముందు పడుగుకు గంజి పట్టిస్తారు, లేకపోతే రాపిడికి పోగులు తెగిపోతాయి. ఆ గంజి వల్లే కొత్త గుడ్డ బిగువుగా ఉంటుంది. అమ్మకానికి అది అందమే గానీ బిడ్డ ఒంటికి గరుకు. ఏళ్ళ తరబడి కట్టి, ఉతికి, ఎండలో ఆరేసిన నూలు చీరకు వచ్చే మెత్తదనం ఏ కొత్త గుడ్డకూ రాదు. పైగా గంజి పోయిన పాత నూలు చెమటనూ తడినీ ఇట్టే పీల్చుకుంటుంది. పుట్టిన బిడ్డను పాతచీర పొత్తిళ్ళలో పెట్టడం, పక్కలో పాతచీరల బొంత పరచడం అందుకే.

వేటపాలెం వంటి ఊళ్ళో ఈ సంగతి ఎవరికీ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. చీరాలను ఆనుకుని ఉన్న ఈ ఊరు 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది, తరువాత ప్రకాశం జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా నేత మాత్రం ఈ ప్రాంతాన్ని వదల్లేదు. దగ్గర్లోనే మోటుపల్లి ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవు అది. 13వ శతాబ్దం చివర్లో ఈ తీరాన్ని వర్ణించిన మార్కో పోలో ఇక్కడి సన్నబట్టను సాలెగూటితో పోల్చాడు. తరువాతి కాలంలో చీరాల చుట్టుపక్కల నేసిన గళ్ళ బట్ట ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ పేరుతో పశ్చిమాఫ్రికాకు, ముఖ్యంగా నైజీరియాకు ఓడలెక్కి వెళ్ళింది.

ఓడలెక్కిన బట్టకు చరిత్రలో చోటు దొరికింది. బొంత ఓడ ఎక్కలేదు, సంతకు పోలేదు, ఇంట్లోనే పుట్టి ఇంట్లోనే అరిగిపోయింది. దానికి ఎవరూ ధర కట్టలేదు కాబట్టి దాన్ని పనిగా కూడా లెక్కపెట్టలేదు. నేను దీన్ని అన్యాయమనే అంటాను. గుడ్డను నేసేవాళ్ళకు ఎంత తెలివి కావాలో, ఆ గుడ్డ పాతబడ్డాక దాని బలమెక్కడ మిగిలిందో కనిపెట్టి మళ్ళీ బతికించేవాళ్ళకూ అంత తెలివి కావాలి.

కుట్టడం ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు. కానీ కార్తీకంలో చలిగాలి తగిలేలోపు ముగించాలి. శరత్తు అనగానే పుస్తకాల్లో తెల్లని మబ్బులు, పిండారబోసిన వెన్నెల కనిపిస్తాయి. మన కోస్తాలో ఆ వెన్నెలతో పాటు ముసురూ ఉంటుంది. చిత్త, స్వాతి కార్తెల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, వాటి వెంట తుపానులు వస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కూడా ఈ కాలానిదే. నేతన్నకు ఇది గడ్డుకాలం. గుంట మగ్గాల్లోకి నీళ్ళు ఊరుతాయి. వీధిలో పడుగు చాచి గంజి ఆరబెట్టడానికి ఎండ ఉండదు. మగ్గం ఆగితే కూలీ ఆగిపోతుంది. ఆ దిగులు తీసేయలేం గానీ, ఇంటి ఆడవాళ్ళు సూదీ దారం పట్టుకునేది కూడా ఆ రోజుల్లోనే. పర్చూరు, మార్టూరు వైపు నల్లరేగడి పొలాల్లోనూ ఇంచుమించు ఇదే వరస. ముసురు వెలిసి పత్తితీతలు ఊపందుకుని, వాటి వెనకే మిరపకోతలు వచ్చాయంటే ఇంట్లో సూది ముట్టే తీరిక ఎవరికీ ఉండదు.

ఇక పని సంగతి. ముందు చీరను రాత్రంతా నానబెట్టి, కుంకుడు రసంతో ఉతికి, గంజి ఆనవాలు లేకుండా పోగొట్టాలి. గంజి మిగిలితే దాని కోసం పురుగు చేరుతుంది. రంగు దిగుతుందేమో చూడాలి: తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే తెలిసిపోతుంది. రంగు దిగే చీర ఎంత మెత్తనిదైనా పసిబిడ్డ బొంతకు వద్దు. జరీ అంచు ఉంటే విప్పి పక్కన పెట్టాలి. చీరాల కుప్పడం చీరల అంచు ఎంత ముచ్చటైనదైనా బిడ్డ బుగ్గకు గుచ్చుకుంటుంది. తరువాత చీరను కత్తెరతో కత్తిరించకూడదు, చించాలి. నూలు గుడ్డ పోగు వెంటే చిరుగుతుంది కాబట్టి గీత గీసినంత తిన్నగా వస్తుంది.

ఆరు గజాల చీరను గజం గజం చొప్పున చించితే ఆరు ముక్కలు వస్తాయి. గజం పొడవు, చీర పన్నా ఎంతో అంత వెడల్పు: పసిబిడ్డ పక్కకు సరిగ్గా సరిపోయే కొలత. అంటే ఒక్క అమ్మమ్మ చీరతో ఒక్క మనవరాలి బొంత. అయితే ఆరు ముక్కలూ ఒక్కలా ఉండవు. కుచ్చిళ్ళ దగ్గర నేలకు రాసుకున్న వైపు పలచబడి ఉంటుంది, పైట చెంగు చీకిపోయి ఉంటుంది, కుచ్చిళ్ళ లోపలి మడతల్లోనిది మాత్రం గట్టిగా ఉంటుంది. ముక్కను వెలుతురుకు ఎత్తి చూస్తే ఎక్కడ పలచబడిందో కనిపిస్తుంది. పలచనివి లోపలికి, గట్టివి పైకీ కిందికీ. లోపల చిరుగులుంటే మాసికలు వేసి పరచాలి. ఒక చీర చాలకపోతే తాతయ్య పంచె కలుపుతారు. లోపలి పొరలకు తెల్ల పంచెను మించింది లేదు.

ఇక్కడ నేత ఇంటివాళ్ళకు చెప్పకుండానే తెలిసిన సూక్ష్మం ఒకటుంది. ముక్కలన్నిటికీ పడుగు ఒకే వైపు ఉండాలి. మగ్గం మీద పడుగును లాగి బిగిస్తారు, పేక అంత బిగువు ఎక్కదు. అందుకని నీళ్ళు తగిలితే పడుగు వైపు ఎక్కువ ముడుచుకుంటుంది. ఒక పొర నిలువుగా, ఇంకొకటి అడ్డంగా వేస్తే మొదటి ఉతుకుకే బొంత ముడతలు పడి మెలి తిరుగుతుంది. ఏళ్ళు గడిచిన పాత చీరలో ఈ ముడుచుకోవడం చాలామటుకు అయిపోయి ఉంటుంది. పాతది మేలనడానికి ఇది ఇంకో కారణం.

పొరలు ఎన్ని అన్నదానికి ఒకటే లెక్క లేదు. మందంగా ఉంటే వెచ్చన అనుకుని పది పొరలు వేసేవాళ్ళున్నారు. పెద్దవాళ్ళ పక్కకు అది బాగానే ఉంటుంది గానీ పసిబిడ్డకు నాలుగయిదు చాలు. వెచ్చదనం ఇచ్చేది గుడ్డ బరువు కాదు, పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలి. పైగా బిడ్డ బొంత రోజూ తడుస్తుంది, రోజూ ఉతకాలి. ముసురు రోజుల్లో పది పొరల బొంత ఆరదు, ముక్కిన వాసన వస్తుంది. ఒక్క లావు బొంత కన్నా రెండు పలచని బొంతలు కుట్టమనే నేను చెబుతాను.

పొరలు నేల మీద పరిచి, అరచేత్తో నిమిరి, నాలుగు మూలలా రోకలో సన్నికల్లు పొత్రమో బరువు పెట్టి, ముందుగా పెద్ద పెద్ద టాకాలు వేసి కదలకుండా బిగిస్తారు. అసలు కుట్టు నడిమి నుంచి అంచులకు పోతే ముడతలు బయటికి జరిగిపోతాయి. అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకు టాకాలు మరింత దగ్గరగా కావాలి. గోనెసంచులు కుట్టే దబ్బనం దీనికి తేకూడదు, అది చేసే కన్నానికి పాత పోగు తెగుతుంది. సన్నపాటి పెద్దసూది చాలు. దారం రీలుదైనా ఫర్వాలేదు. నేత ఇళ్ళలో చిలప నూలు పోగులు మూడునాలుగు కలిపి పురిపెట్టి, కాస్త మైనం రాసి వాడుకుంటే గుడ్డా దారమూ ఒకే జాతివి కావడం వల్ల రెండూ ఒకేలా అరుగుతాయి. నైలాన్ దారం చాలా గట్టిది, ఆ గట్టిదనంతోనే పాత గుడ్డను కోసేస్తుంది.

కుట్టు పైన ఎంత కనిపిస్తుందో అడుగునా అంతే కనిపించాలి. బియ్యపు గింజంత కుట్టు, వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ళ ఎడం. ఎడం మరీ ఎక్కువైతే ఉతికినప్పుడు లోపలి గుడ్డ ఉండ కడుతుంది. మరీ తక్కువైతే గాలి నిలిచే సందు లేక బొంత అట్టగడుతుంది. పిల్లల బొంతలో కుట్టు పొడుగు మీద రాజీ పడకూడదు. వదులుగా ఉన్న పొడుగు కుట్టులో బిడ్డ కాలివేలు ఇరుక్కుంటుంది. ముడులు పైకి కనిపించకుండా పొరల మధ్యకు లాగేయాలి.

నడుమంతా ఓపికగా కుట్టి, అంచు దగ్గర తొందరపడి పాడుచేసుకున్న బొంతలు చాలా ఇళ్ళలో ఉంటాయి. ముగింపే అసలు పరీక్ష. కింది ముక్కను నాలుగు వైపులా రెండు వేళ్ళు పెద్దదిగా ఉంచుకుని పైకి మడిచి కుట్టడం ఒక పద్ధతి. చీర అంచునే పట్టీగా వేయడం ఇంకొకటి. జరీ లేని నూలు అంచయితే రెండోదే మేలు. చీరలో అంచు దగ్గర పోగులు ఒత్తుగా ఉంటాయి, బిడ్డ చప్పరించేదీ, లాగేదీ, తల్లి పిండేదీ అక్కడే. మూలల దగ్గర మడత మీద మడత పడి గట్టి ముద్ద తయారవుతుంది. లోపలి పొరల మూలలను ముందే కాస్త తీసేస్తే ఆ ముద్ద ఉండదు. పట్టీని ఒక వరస కుట్టి ఊరుకోకుండా రెండో వరస వేయాలి. ఆఖరి దారాన్ని రెండుమూడు కుట్లు వెనక్కి పోనిచ్చి పొరల్లో దాచాలి. టాకాలన్నీ విప్పాలి. పని మొదట్లో ఎన్ని సూదులు తీశారో చివర అన్నీ ఉన్నాయో లేవో లెక్క చూసుకుని, అరచేత్తో బొంతంతా రెండువైపులా తడమాలి. ఆపైన ఒకసారి ఉతికి, వాన తెరిపిచ్చిన రోజు ఎండలో వేసి, మంచు దిగకముందే లోపలికి తేవాలి. అప్పుడే అది బిడ్డ పక్కకు తయారైనట్టు.

మా చిన్నప్పుడు బొంతతో పాటు పురిటింట ఆవాల దిండు కూడా ఉండేది, బిడ్డ తల గుండ్రంగా రావాలని. పెద్దవాళ్ళకు దూది పరుపులు వేరు. గుంటూరు, ప్రకాశం ఊళ్ళలో దూదేకులవాళ్ళు విల్లు భుజాన వేసుకుని వచ్చి, ఇంటి ముందే దూది ఏకి పరుపులూ దిళ్ళూ కుట్టిపెట్టేవారు. అది తరతరాలుగా వచ్చిన వృత్తి, దానికి కూలీ ఉంది. బొంత మాత్రం ఏ కులవృత్తీ కాదు. నేత ఇంటా, రైతు ఇంటా, కూలి ఇంటా ఆడవాళ్ళంతా కుట్టినదే. తెలుగునాట బొంతకు వీధిలో గౌరవం దక్కిన సందర్భం నాకు ఒక్కటే కనిపిస్తుంది: సంక్రాంతికి ఇంటి ముందుకొచ్చే గంగిరెద్దు వీపు మీద రంగురంగుల బొంత.

ఇతర రాష్ట్రాలు బొంతను ఇంకాస్త బాగా చూసుకున్నాయి. బెంగాల్ కాంథా, బీహార్ సుజనీ పుట్టింది పాత చీరలతోనే, కుట్టింది ఇలా పొరల మీద పొరలతోనే. రెండూ భౌగోళిక గుర్తింపు పొందాయి, దేశదేశాలకు వెళ్ళాయి. కర్ణాటకలో కౌది ఉంది, మహారాష్ట్రలో గోధడి ఉంది. ఉత్తర కన్నడలోని సిద్దీ స్త్రీల కవందిలు ప్రదర్శనశాలలకు ఎక్కాయి. మన బొంతలో ఆ బొమ్మలు, పువ్వులు తక్కువే. అంతమాత్రాన అందులో నేర్పు తక్కువని నేను ఒప్పుకోను. ఇంకాస్త వెనక్కి వెళితే భట్టిప్రోలు, అమరావతుల్లో బౌద్ధం వెలిగిన నేల ఇది. జనం పారేసిన గుడ్డపేలికలు ఏరి, ఉతికి, అతికి కుట్టుకున్న చీవరాన్ని ధరించడం ఆ భిక్షువులకు గొప్ప నియమం. అతుకుల గుడ్డను చిన్నచూపు చూడటం మనకు తరువాత పట్టిన జబ్బు.

ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు మీద వదులుగా దుప్పట్లు, బొంతలు కప్పవద్దని, పక్కలో మెత్తటి దిళ్ళు ఉంచవద్దని పిల్లల వైద్యులు చెబుతున్నారు. అవి ముఖం మీదికి జరిగితే ఊపిరాడదు. కాబట్టి ఆవాల దిండు ముచ్చటను వదులుకోవలసిందే. పలచని బొంతను కూడా గట్టి పక్క మీద ముడతల్లేకుండా, జారకుండా బిగువుగా పరవాలి తప్ప బిడ్డ మీద కప్పకూడదు. కప్పుకునే వయసు తరువాత వస్తుంది, అప్పటికి బొంత ఇంకా మెత్తబడి ఉంటుంది.

ఇప్పుడు అసలు కష్టం కుట్టేవాళ్ళు తగ్గడం ఒక్కటే కాదు, కుట్టడానికి గుడ్డ లేకపోవడం. పాలియెస్టర్ చీర ఎన్నేళ్ళు కట్టినా నూలులా తడి పీల్చదు. నూలు చీర నేసే ఇళ్ళలోనే ఆడవాళ్ళు మిషను చీరలు కట్టుకుంటున్నారు, తాము నేసింది తాము కొనుక్కోలేక. నేతకు సరైన కూలీ దక్కనంత కాలం బొంతను గురించి ఎంత రాసినా సగమే రాసినట్టు.

వేటపాలెం ఒక పని చేయగలదు. 1918లో వెలసిన సారస్వత నికేతనం ఈ ఊళ్ళోనే ఉంది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికలను చెత్త అనుకోకుండా దాచి, ఎందరో పరిశోధకులకు అన్నం పెట్టిన గ్రంథాలయం అది. అక్కడే ఒక బీరువాలో ఒక పాత బొంతను, కుట్టినామె పేరుతో, ఏ చీరలతో ఎలా కుట్టిందో వివరం రాసి ఉంచాలని ఊరి పెద్దలను కోరుతున్నాను. చదువరులారా, మీకూ ఒక మాట. పాత నూలు చీరలను స్టీలు గిన్నె కోసం వీధిలోకొచ్చే సామాన్లవాడికి వేసేయకండి. మీ ఇంట్లో బొంత కుట్టడం తెలిసిన పెద్దావిడ ఉంటే, ఈ కార్తీకంలో పక్కన కూర్చుని అంచు మడవడం నేర్చుకోండి.