పులిదారికి భీం పేరు

నిజాంసాగర్ నీళ్లతో బోధన్ చెరకు పండించుకున్న మనకి, ఆ నీళ్లిచ్చిన ప్రభువులే పక్కన ఆదిలాబాద్‌లో ఏం చేశారో మన వారపత్రికల నవలలు చెప్పలేదు. వాటిల్లో అడవంటే ట్రావెలర్స్ బంగళా, వెన్నెల, కథానాయిక షికారు! సాహు, అల్లం రాజయ్యల ‘కొమురం భీం’ లాంటివి వేళ్ల మీద లెక్క.

గోండు రైతు తేలిక నేలని కొన్నేళ్లు దున్ని, సారం తగ్గాక బీడు పెట్టేవాడు. ఆ బీడునే అటవీశాఖ రిజర్వు గీతలో కలిపేసుకుందని హైమన్‌డార్ఫ్ 1940లలోనే రాశాడు. కడిగి ఎండబెట్టిన ఆవకాయ జాడీని, ఖాళీయే కదా అని పక్కింటావిడ పట్టుకుపోతే ఊరుకుంటామా? 1940లో జోడేఘాట్‌లో భీం ప్రాణమిచ్చింది ఈ గీతని ఎదిరించే.

2025 మేలో సర్కారు జీవో 49 తెచ్చి, కవ్వాల్ నుంచి మహారాష్ట్ర తడోబాకి పులులు నడిచే దారిని సంరక్షణ ప్రాంతమంది. పేరేమిటనుకున్నారు? కుమ్రం భీం! ఆదివాసీలు భగ్గుమన్నాక జులైలో ఆపి పెట్టారు. పులి బతకాలి, కాదన్నదెవరు? కానీ కొత్త పంట దేవుడికి పెట్టందే ముద్ద ముట్టని ఇల్లు, చేనే పోతే పండగ ఎక్కడ చేసుకుంటుంది? 2006 అటవీహక్కుల చట్టం కింద అర్జీ పెట్టుకుని, కాగితం కోసం చూస్తున్న ఆడమనిషికి ఆ పేరు ఎలా వినిపించిందో ఎవరైనా నవల రాస్తే చదవాలనుంది.