తెల్ల జెండా పాతిన చోట

రోమన్ దండు దారిలో ఉండగానే, విడిది చేయాల్సిన చోటికి ట్రిబ్యూన్ అనే సేనాధికారి ఒకడూ, సెంచూరియన్లనే దళ నాయకులు కొందరూ ముందుగా వెళ్ళేవారు. చుట్టుపక్కలంతా బాగా కనిపించే చోటు ఎంచి తెల్ల జెండా పాతేవారు. అది దండును నడిపే కాన్సుల్ గుడారం ఉండాల్సిన చోటు. జెండా నుంచి నాలుగు పక్కలా నూరేసి అడుగులు కొలిస్తే ఆయన స్థలం, 200 అడుగుల చదరం, తేలుతుంది. ఆపైన శిబిరం ముఖం ఏ వైపో, ట్రిబ్యూన్ల గుడారాలు ఏ వరసో, దళాలు ఎక్కడ మొదలవుతాయో చెప్పే ఎర్ర జెండాలు. క్రీ.పూ. 2వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ ఈ పనిని తన చరిత్ర ఆరో సంపుటంలో ఓపిగ్గా రాసిపెట్టాడు. దండు వచ్చేసరికి అక్కడ జెండాలూ బల్లేలూ తప్ప ఒక్క గుడారం కూడా ఉండదు. అయినా ఎవరూ దారి అడగరు. సొంత ఊళ్ళో అడుగుపెట్టినవాడు నేరుగా తన ఇంటికి నడిచినట్టు నడుస్తారు అంటాడాయన.

ఈ పనితనం మూలం ఒక చిన్న పరికరంలో ఉంది. దాని పేరు గ్రోమా. నిలువు కర్ర, దాని పైన లంబకోణంలో కలిసే రెండు అడ్డకర్రలు, నాలుగు కొసల నుంచీ వేలాడే గుండు కట్టిన దారాలు. అంతే. ఎదురెదురు దారాలు ఒకదాని వెనక ఒకటి దాగేలా చూస్తూ దూరంగా గడకర్ర పాతించి, చూపు ఎంత దూరం పోతే అంత దూరం తిన్నని గీత గీసేవారు. ఇలాంటి పరికరం ఇనుప భాగాలు 1912లో పాంపేయిలోని ఒక పనిశాలలో బయటపడ్డాయి. శిబిరంలో దీన్ని నిలిపేది ప్రిటోరియం, అంటే సేనాపతి స్థలం, ముంగిట పెద్ద వీధి తగిలే చోట. శిబిర నిర్మాణం మీద ఒక లాటిన్ చిన్న గ్రంథం ఉంది. అది భూమి కొలతల రచయిత హైజినస్ పేరు మీద చెలామణి అయినా ఆయన రాసింది కాదు. అక్కడ నిలబడి చూస్తే శిబిరపు ద్వారాలవైపు సాగే గీతలు నక్షత్రంలా కనిపించాలని ఆ గ్రంథకర్త అంటాడు. నిక్కచ్చి కొలతలతో నిండిన పుస్తకంలో ఆ ఒక్క మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

ఆ గీతలకు ఆకాశంతో సంబంధం ఉందని రోమన్ భూమి కొలతగాళ్ళు గట్టిగా నమ్మారు. తూర్పు పడమరల గీత సూర్యుడి దారి, ఉత్తర దక్షిణాల గీత లోకం తిరిగే ఇరుసు. భూమిని ఇలా పంచడం ఎట్రుస్కన్ల శకున విద్య నుంచి వచ్చిందని రోమన్ పండితుడు వారో చెప్పినట్టు, భూమి కొలతల మీద రాసిన ఫ్రాంటినస్ పేర్కొన్నాడు. పక్షుల రాకపోకలు చూసే పూజారి వంకీకర్రతో ఆకాశాన్ని భాగాలు చేసుకున్నట్టే, కొలతగాడు నేలను చేశాడు. అయితే నమ్మకం ఉందని పని వదులు కాలేదు. కళ్ళకు కనిపించిన సూర్యోదయాన్నే తూర్పనుకుని గీత గీసేవాళ్ళను కొలతల శాస్త్రం రాసిన హైజినస్ తప్పుపట్టాడు. సూర్యుడు రుతువును బట్టి చోటు మారతాడు కదా! వృత్తం గీసి, మధ్యలో శంకువు నిలిపి, పొద్దున నీడ కొస వృత్తాన్ని దాటి లోపలికి వచ్చిన చోటూ మధ్యాహ్నం తర్వాత బయటికి పోయిన చోటూ గుర్తుపెట్టి గీత కలపమన్నాడు. యజ్ఞవేదికి దిక్కు తేల్చడానికి కాత్యాయన శుల్బసూత్రం చెప్పిన పద్ధతీ ఇదే.

యుద్ధభూమిలో మాత్రం ఆకాశం పట్టుబట్టదు. ముందు ద్వారం తూర్పుకు ఉండాలి, లేదా శత్రువు వైపు, లేదా మర్నాడు దండు నడవాల్సిన వైపు అని యుద్ధవిద్య మీద రాసిన రోమన్ రచయిత వెజీషియస్ మూడు దారులు తెరిచి ఉంచాడు. ఇందులో నాకు రాజీ కనబడదు. రెండు గీతలు ఒకదాన్నొకటి లంబంగా ఖండించడమే ముఖ్యం, వాటిని ఎటు తిప్పాలన్నది ఆనాటి అవసరం.

దైవానికి కూడా శిబిరంలో నిర్ణయించిన చోటే ఉందని ఆ లాటిన్ గ్రంథం చెబుతుంది. ప్రిటోరియానికి కుడివైపు, పెద్ద వీధి పక్కన శకునాలు చూసే స్థలం. ఎడమవైపు వేదిక. శకునం మంచిదని తేలాక సేనాపతి ఆ వేదికెక్కి సైనికులతో మాట్లాడాలి. కుడి నుంచి ఎడమకు ఆ కొద్ది నడకలో దేవతల అనుమతి సైన్యానికి ఆజ్ఞ అవుతుంది. ఇంత క్లుప్తంగా కట్టిన కర్మకాండ నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

ఇక సంఖ్యలు. పదులూ అరవైలూ వందలూ చూసి రహస్య సంకేతాలు వెతకాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ లాటిన్ గ్రంథమే లెక్క విప్పి చూపిస్తుంది. గుడారానికి 10 అడుగులు, ఆయుధాలకు 5, బరువులు మోసే పశువులకు 9. మొత్తం 24. ఎదురు వరసకూ అంతే, కలిపి 48. మధ్యలో మనుషులు తిరగడానికి 12. అలా పుట్టింది 60 అడుగుల పట్టీ. వరసలో ఒక్కో గుడారానికి 10 అడుగులతో పాటు తాళ్ళు లాగి కట్టడానికి 2 అడుగులు. గుడారానికి 8 మంది. 80 మంది దళానికి 10 గుడారాలు కావాలి, కానీ ఎప్పుడూ 16 మంది కాపలాలో ఉంటారు గనక 8 చాలు. మిగిలిన రెండు గుడారాల చోటు సెంచూరియన్‌ది. నిద్రపోని వాళ్ళ చోటును కూడా వృథా పోనివ్వని ఈ లెక్క ముందు తల వంచాలనిపిస్తుంది. పోలిబియస్ వర్ణించిన శిబిరంలో చుట్టూ పోసిన మట్టికట్టకూ గుడారాలకూ మధ్య వదిలిన 200 అడుగులూ అలాంటివే. దళాలు వచ్చిపోవడానికి, పశువులనూ కొల్లసొమ్మునూ ఉంచడానికి, అన్నిటికీ మించి రాత్రి దాడిలో నిప్పూ ఈటెలూ గుడారాలను చేరకుండా ఉండడానికి.

సంఖ్యల పవిత్రత రోమన్లకు తెలియక కాదు. వాస్తుశిల్పి విట్రూవియస్ 10నీ 6నీ పరిపూర్ణ సంఖ్యలుగా చెప్పి, రెంటినీ కలిపిన 16ను మరింత పరిపూర్ణం అన్నాడు. కానీ ఆయన చూపిన ఆధారం చేతివేళ్ళు పది, మనిషి ఎత్తులో పాదం ఆరోవంతు! రోమన్ సంఖ్యకు దైవత్వం మనిషి ఒంటి నుంచే వస్తుంది. శిబిరపు అరవై అడుగుల వెనకా పడుకున్న మనిషి, కట్టేసిన పశువు, చాచిన తాడు ఉన్నాయి. కొలత దిక్కును ఆకాశం నుంచి తెచ్చుకుంది, పరిమాణాన్ని ఒంటి నుంచి తెచ్చుకుంది. నన్ను ఈ శిల్పానికి కట్టిపడేసింది ఆ కలయికే.

గ్రీకులు నేల వాటాన్ని బట్టి శిబిరం ఆకారం మార్చుకుంటారు, కందకం తవ్వే శ్రమ తప్పించుకోవాలని చూస్తారు అని గ్రీకువాడైన పోలిబియస్ దాచకుండా చెప్పాడు. రోమన్లు తవ్వే కష్టాన్ని భరించి ఒకే రూపాన్ని నిలబెట్టుకున్నారు. ఆ పట్టుదల గుడారాల కాలం దాటింది. స్కాట్లాండ్‌లోని ఇంచ్‌టుథిల్‌లో క్రీ.శ. 80ల్లో ఒక లీజియన్ (రోమన్ పెద్ద సైనిక దళం) కోసం మొదలుపెట్టిన కోటను కొన్నేళ్ళకే, పని పూర్తికాకముందే, విప్పేసి వెళ్ళిపోయారు. శత్రువుకు ఇనుము దక్కకూడదని పాతిపెట్టిన దాదాపు 10 టన్నుల మేకులను తవ్వకాల్లో చూసి లోకం ఆశ్చర్యపోయింది. అక్కడ నాకు ఎక్కువ నచ్చింది మరొకటి. సైనికుల బారకులు వరసగా లేచాయి, ఆసుపత్రి లేచింది, సేనాపతి ఇల్లు మాత్రం మొదలే కాలేదు. అయినా ఆ స్థలంలోకి ఎవరూ జరగలేదు. కొలిచి వదిలిన చోటు కొలిచినట్టే ఖాళీగా ఉంది.