లెక్కకు కర్త ఎవరు? : ప్రభుత్వ వ్యయ గణాంకాల భాషపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం: ప్రభుత్వం చేసిన ఖర్చును, సేకరించిన గణాంకాలను ప్రజలకు తెలిపే భాష జవాబుదారీతనాన్ని ఎక్కడ నిలబెడుతుందో, ఎక్కడ జారవిడుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బడ్జెట్ పరిభాష, కాగ్ నివేదికల సమర్పణ, 2017-18 జాతీయ నమూనా సర్వే ఫలితాల నిలిపివేత, ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ ఇందులో పరిశీలనాంశాలు.

కీలకపదాలు: జవాబుదారీతనం, పద్దు, కర్మణి ప్రయోగం, అధికారిక గణాంకాలు, సామాజిక తనిఖీ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'లెక్కపెట్టడం' అంటే ఎంచడం. 'లెక్కచేయడం' అంటే పట్టించుకోవడం, గౌరవించడం. 'లెక్కలోకి రాని మనిషి' అన్నప్పుడు ఈ రెండర్థాలూ ఒకటవుతాయి. 'లెక్క అప్పజెప్పడం'లో మరో అర్థం ఉంది: సొమ్ము ఇచ్చినవారి ముందు, తీసుకున్నవారు నిలబడి వివరం చెప్పుకోవడం. 'జవాబుదారీ' అనే మాట ఫారసీ దారిలో మన భాషలోకి వచ్చినా, ఆ భావం ఈ నుడికారంలో ముందే ఉంది.

నమ్మదగని అంకెలకు 'కాకిలెక్కలు' అనే పేరూ ఉంది. ఆ మాట వెనుక కథ అందరికీ తెలిసినదే. ఊళ్లో కాకులెన్ని అని రాజు అడుగుతాడు. ఆస్థానంలోని చతురుడు ఒక అంకె చెబుతాడు. ఎక్కువ తేలితే పొరుగూరి కాకులు చుట్టపుచూపుగా వచ్చాయంటాడు, తక్కువ తేలితే ఇక్కడివి అక్కడికి వెళ్లాయంటాడు. ఈ కథను చమత్కారానికే పరిమితం చేసి చదవడం వల్ల ఒక విషయం మరుగున పడింది. కాకిలెక్క తప్పో ఒప్పో ఎవరికీ తెలియదు. సరిచూడడానికి వీలులేకుండా చెప్పిన లెక్క అది. ప్రభుత్వ గణాంకాలపై విమర్శ మొదలుకావలసినది ఇక్కడ. అంకె ఎంత అని అడగడానికి ముందు, దాన్ని ఎవరు, దేనితో సరిచూడగలరు అని అడగాలి.

2. 'ఖర్చు' ఎప్పుడు ఖర్చవుతుంది?

బడ్జెట్ పత్రంలో ఒక పద్దు ఎదురుగా బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ లెక్క అనే వరుసలు కనిపిస్తాయి. ఒక ఏడాది వాస్తవ లెక్క తర్వాతి సంవత్సరాల పత్రాల్లో గాని రాదు. ఉపన్యాసంలో చదివేది మొదటి వరుసనే, పత్రికల పతాక శీర్షికకు ఎక్కేదీ అదే. కేటాయింపు, పరిపాలనా అనుమతి, విడుదల, చెల్లింపు అనేవి నాలుగు వేర్వేరు దశలు. వార్తాభాషలో నాలుగింటికీ 'మంజూరు' అనే ఒక్క మాట చాలుతోంది. ఒకే రోడ్డుకు నాలుగుసార్లు నిధులు వచ్చినట్టు పాఠకునికి తోచడంలో ఆశ్చర్యం లేదు.

'ఖర్చు' అనే మాట మరింత జటిలం. రాష్ట్ర సంచిత నిధి నుంచి ఒక మొత్తాన్ని వ్యక్తిగత డిపాజిట్ ఖాతాకు, అంటే పీడీ ఖాతాకు మార్చిన రోజునే అది ప్రభుత్వ లెక్కల్లో ఖర్చుగా నమోదవుతుంది. ఆ డబ్బుతో ఇటుక కొన్నారా, మందు కొన్నారా అన్నది ఆ నమోదులో ఉండదు. ఏసీ బిల్లుపై ముందుగా డ్రా చేసిన సొమ్ముకు వివరమైన డీసీ బిల్లు తర్వాత రావాలి; గ్రాంటు పొందిన సంస్థ వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవి పేరుకుపోతున్నాయని కాగ్ నివేదికలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. వాడుక తెలుగులో 'ఖర్చయింది' అంటే చేతిలో డబ్బు లేదనీ, దానికి బదులుగా ఏదో వచ్చిందనీ అర్థం. ఖజానా భాషలో ఖర్చు అంటే ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు ప్రయాణం కూడా. ఒకే మాటను ఇద్దరు రెండర్థాల్లో వాడుతున్నప్పుడు పౌరుడు ప్రశ్న వేసినా అది చేరవలసిన చోటికి చేరదు.

3. కర్త లేని వాక్యం, కాలం లేని విధి

తెలుగు వాడుకలో కర్మణి ప్రయోగం అరుదు. 'అన్నం నాచేత తినబడింది' అని ఎవరూ అనరు. కార్యాలయ తెలుగు మాత్రం 'బడు' లేకుండా ఒక పేరా నడవదు: నిధులు కేటాయించబడినవి, పనులు చేపట్టబడినవి, చర్యలు తీసుకొనబడుచున్నవి. ఇంగ్లీషు ముసాయిదాను మక్కికి మక్కి దించడం దీనికి మొదటి కారణం. అయితే ఇది శైలీదోషంగా మాత్రమే మిగలలేదు. 'నిధులు మళ్లించబడినవి' అనే వాక్యంలో కర్మ ఉంది, క్రియ ఉంది, మళ్లించినవారు లేరు. వ్యాకరణంలో లోపించిన కర్త విచారణలోనూ లోపిస్తాడు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ రాజ్యాంగం 151వ అధికరణం. కాగ్ నివేదికను కేంద్రంలో రాష్ట్రపతికి, రాష్ట్రంలో గవర్నరుకు సమర్పించాలని, వారు దాన్ని సభ ముందు ఉంచేలా చూడాలని అది చెబుతుంది. ఇక్కడ కర్త స్పష్టం. లేనిది కాలం. ఎన్ని రోజుల్లో అన్న గడువు ఆ అధికరణంలో లేదు. కాళేశ్వరం ఎత్తిపోతల పథకాన్ని 2019 జూన్‌లో ప్రారంభించారు. దానిపై కాగ్ నివేదిక తెలంగాణ శాసనసభ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. కేంద్ర జలసంఘానికి చూపిన 81,911 కోట్ల రూపాయల వ్యయం 1,47,427 కోట్లు దాటే అవకాశం ఉందని ఆ నివేదిక లెక్కకట్టింది. అప్పటికే, 2023 అక్టోబరులో, మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. తనిఖీ జరగలేదని అనలేం. జరిగిన తనిఖీ ఫలితం చట్టసభకు చేరేసరికి అది దిద్దుబాటుకు పనికివచ్చే దశ దాటి చరిత్ర రచనకు ఆధారంగా మారింది.

4. విడుదల కాని అంకె

తప్పుడు అంకెను ఖండించవచ్చు. బయటికి రాని అంకెతో వాదించడం ఎలా? 2017-18 నిరుద్యోగ సర్వే నివేదికను జాతీయ గణాంక సంఘం ఆమోదించిన తర్వాత కూడా ప్రభుత్వం విడుదల చేయకపోవడంతో, 2019 జనవరిలో ఆ సంఘ సభ్యులు పి.సి. మోహనన్, జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. 6.1 శాతం నిరుద్యోగాన్ని చూపిన ఆ నివేదిక ఎన్నికలు ముగిశాక, మే 31న అధికారికంగా వచ్చింది. అదే ఏడాది నవంబరులో 2017-18 కుటుంబ వినియోగ వ్యయ సర్వేను అసలు విడుదల చేయబోమని గణాంక మంత్రిత్వశాఖ ప్రకటించింది. తలసరి వాస్తవ వ్యయం 2011-12తో పోలిస్తే తగ్గినట్టు ఆ సర్వే చూపుతోందని పత్రికలో వచ్చిన కథనం అప్పటికే చర్చలో ఉంది. దత్తాంశాల నాణ్యత సరిగా లేదన్నది ప్రభుత్వ వాదం.

ఆ వాదాన్ని తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. సర్వేల్లో లోపాలుంటాయి, వాటిని ఎత్తిచూపే హక్కు ప్రభుత్వానికీ ఉంది. కాని అలాంటి సందర్భంలో నడిచిన దారి ఒకటి మన దగ్గరే ఉంది. 2009-10 కరువు సంవత్సరం. ఆ ఏటి సర్వే సాధారణ స్థితిని చూపదనే అభిప్రాయంతో 2011-12లో మళ్లీ సర్వే చేశారు. అయినా మొదటిదాన్ని దాచలేదు. రెండూ పరిశోధకుల చేతికి వచ్చాయి, వాదం వారి మధ్య సాగింది. నాణ్యత లేదన్న తీర్పును కూడా సరిచూడడానికి అవకాశం ఇవ్వడం ఆ పద్ధతి. 2017-18 విషయంలో తీర్పు మాత్రమే ప్రజలకు అందింది, సాక్ష్యం అందలేదు. తర్వాతి వినియోగ వ్యయ వివరాలు 2022-23 సర్వేతో 2024 ఫిబ్రవరిలో గాని రాలేదు.

ఇది ఢిల్లీకే పరిమితమైన అలవాటు కాదు. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. ముంబయి, సూరత్ వంటి చోట్ల పనిచేసేవారు సైతం లెక్కలోకి రావాలని రైళ్లు, బస్సులు కిక్కిరిసేలా సొంత ఊళ్లకు వచ్చారు. ఆ సర్వే సమగ్ర నివేదిక మాత్రం ప్రజల ముందుకు రాలేదు. తమను గురించి తాము చెప్పిన వివరమే తమకు తిరిగి అందలేదు.

5. మస్టరు వినిపించిన సభ

2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీని విధించింది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి నడిపిన జన సునవాయి పద్ధతి ఇక్కడ ప్రభుత్వ వ్యవస్థగా మారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో దానికి ప్రత్యేక సొసైటీ ఏర్పడింది.

విమర్శకునికి ఇందులో ఆసక్తి కలిగించేది పఠన విధానం. మస్టరు ఒక పాఠ్యం. కార్యాలయంలో ఉన్నంతకాలం దానికి రాసినవారే పాఠకులు. తనిఖీ బృందం దాన్ని ఇంటింటికీ తీసుకువెళ్లి, గ్రామసభలోను, ఆపై మండల ప్రజావేదికలోను బిగ్గరగా వినిపించినప్పుడు అందులోని పేరు గల మనిషి శ్రోత అవుతాడు. ఫలానా ఆమె పన్నెండు రోజులు చెరువు పనికి వచ్చింది, ఇంత కూలి తీసుకుంది అని చదివితే, ఆమె లేచి 'నేను ఆ కరువు పనికి పోనేలేదు' అనగలదు. చనిపోయినవారి పేరుతో హాజరు పడిందని ఇంటివారు చెప్పగలరు. గణాంకశాస్త్రం తెలియనక్కరలేదు. తన ఒంటి కష్టమే ఆమెకు కొలబద్ద. కాకులు పొరుగూరికి వెళ్లాయని చెప్పడానికి ఇక్కడ వీలుండదు. లెక్కించినవారే ఎదుట కూర్చున్నారు. కరణీకం 1984లో రద్దయినా కరణం మీది సామెతలు ఇంకా బతికి ఉన్న ఊళ్లలో, లెక్కల పుస్తకం నలుగురిలో తెరవడం చిన్న మార్పు కాదు.

ఈ పద్ధతిని అతిగా పొగడడం కూడా సరికాదు. తనిఖీల్లో తేలిన సొమ్ములో అధికభాగం వసూలు కాలేదని ఆంధ్రప్రదేశ్ అనుభవంపై వచ్చిన అధ్యయనాలు చూపాయి. సభలో 'ఆయన తీసుకున్నాడు' అని కర్తతో సహా పలికిన వాక్యం, ఉత్తర్వుగా మారేటప్పుడు 'రికవరీ చేయవలసినదిగా ఆదేశించబడినది' అవుతుంది. ఆదేశించినదెవరు, చేయవలసినదెవరు, ఎప్పటిలోగా అన్న మూడింటికీ అందులో చోటు లేదు. కర్త పేరు మిగిలిన సందర్భాల్లో అది ఎక్కువగా ఫీల్డ్ అసిస్టెంటు వంటి కాంట్రాక్టు ఉద్యోగిదేనన్న విమర్శ ఉంది. మస్టరుపై అతని సంతకం ఒక్కటే ఉండదు. కొలతలు రాసినవారు, సరిచూసినవారు, చెల్లింపుకు అనుమతించినవారు అదే కాగితంపై వరుసగా సంతకాలు చేసి ఉంటారు. ప్రజావేదికలో వినిపించే పాఠంలో ఆ పేర్లను కూడా కూలీల పేర్లతో పాటు చదవాలి.