ఒళ్ళో కూర్చోబెట్టుకున్న మనిషి

కరీంనగర్‌లో మా పక్కింటామె, కొడుక్కి ఏడాదిన్నర ఉన్నప్పుడే నాతో అన్నది: "పేరు పెట్టి పిలిస్తే చూస్తలేడక్కా. గిన్నె చప్పుడైతే మాత్రం తిరిగి చూస్తడు." అత్తగారు "మొగపిల్లలకు మాటలు ఆలస్యంగనే వస్తయి" అని కొట్టిపారేసింది. డాక్టరు "నీకు భయం ఎక్కువమ్మా" అన్నాడు. ఆటిజం అని తేలేసరికి వాడికి ఐదేళ్ళు. అప్పుడు అందరూ ఆమెనే అడిగారు: "ఇన్ని రోజులు ఏం చూసినవ్?"

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాస్తూ, ఇది పుట్టుకతో వచ్చేదంటూనే తల్లిదండ్రుల్లో ఆప్యాయత కొరవడిందనీ అన్నాడు. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్'లో ఆ నేరాన్ని ముఖ్యంగా తల్లి మీదికి నెట్టాడు.

అందుకే జార్జియా టెక్‌లో జేమ్స్ రెగ్ బృందం 2013లో ప్రకటించిన 'డీకోడింగ్ చిల్డ్రన్స్ సోషల్ బిహేవియర్' పత్రాన్ని ఆ పుస్తకం పక్కన పెట్టుకుని చదివాను. 15 నుంచి 30 నెలల పిల్లలతో కొద్ది నిమిషాల ఆట. పరిశీలకులు పేరు పెట్టి పలకరిస్తారు, బంతి దొర్లిస్తారు, పుస్తకం చూపిస్తారు, దాన్నే టోపీలా నెత్తిన పెట్టుకుంటారు, చక్కిలిగిలి పెడతారు. బిడ్డ చూపునీ నవ్వునీ గొంతునీ కెమెరాలు, మైకులు పట్టుకుంటాయి. వాటిని గుర్తించడం కంప్యూటర్‌కు నేర్పుతారు. ఇక్కడ ఎవరి మీదా నింద లేదు. అది నాకు నచ్చింది.

కానీ ఆ సమాచారానికి పెట్టిన పేరులోనే 'ఇద్దరి మధ్య ప్రవర్తన' అని ఉంది. గదిలో ఉన్నది ముగ్గురు కదా! బిడ్డ కూర్చున్నది తల్లి ఒళ్ళోనో తండ్రి ఒళ్ళోనో. ఆ ఒడి లెక్కలోకి రాలేదు.

2023లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు 475 మంది పసిపిల్లలతో చేసిన అధ్యయనం ఈ పనికి ఒక ట్యాబ్ చాలునని చూపింది. అంటే ఆదిలాబాద్ అంగన్‌వాడీకి కూడా చేరగలదు. చేరాలి. అయితే గోండి, కొలామీ మాట్లాడే ఇళ్ళలో బిడ్డను ఏమని పిలుచుకుంటారో, ఏ ఆటకు నవ్వుతుందో చెప్పాల్సింది తల్లే. కానర్ చూసిన 11 మందిలో ఆడపిల్లలు ముగ్గురే. మాట్లాడని ఆడపిల్లను బుద్ధిమంతురాలని మెచ్చుకునే మన ఇళ్ళలో ఎందరిని గుర్తిస్తాం?

యంత్రం వద్దని నేననను. తల్లి చెప్పినప్పుడు నమ్మనిది, యంత్రం చెబితే నమ్మడమే నా అభ్యంతరం. మా పక్కింటామె చేసిందీ పరీక్షే. పేరు పెట్టి పిలిచింది, గిన్నె మోగించింది, తేడా కనిపెట్టింది. ఆమె మాటను ఎవరూ రాసుకోలేదు, అంతే.